బెదురు కుక్కని షెల్టర్ నుంచి ఇంటికి తెచ్చుకుంటే

బెదురు గొడ్డుని తాడు పట్టి ముందుకి లాగితే అది వెనక్కి గుంజుకుంటుంది. కుక్క కూడా అంతే. షెల్టర్‌లో మూల నక్కిన కుక్కని చూసి జాలిపడి తెచ్చుకుంటాం. ఇంటికి రాగానే ధైర్యం చెబుదామని పక్కన కూర్చుంటాం, తల నిమురుతాం, పేరు పెట్టి పదిసార్లు పిలుస్తాం, పక్కింటి పిల్లల్ని పిలిచి చూపిస్తాం. బెదిరిన జంతువుకి దగ్గరికొచ్చే మనిషే పెద్ద భయం. మొదటి వారంలో మీరు చెయ్యాల్సిన పనులకంటే మానుకోవాల్సిన పనులే ఎక్కువ.

ఇక్కడ చెప్పేదంతా సుమారు 6 నెలల నుంచి 2 ఏళ్ల లోపు కుక్కల గురించి. కుక్కపిల్లకి మనుషులు, చప్పుళ్లు, బళ్లు సులువుగా అలవాటయ్యేది 3వ వారం నుంచి 14వ వారం దాకా. ఆ వారాల్లో మనిషి చెయ్యి తగలని కుక్కకి తర్వాత కూడా నేర్పొచ్చు, కాకపోతే వారాల పని నెలలు పడుతుంది. ఆ ఓపిక ఉందో లేదో ముందే చూసుకోండి.

తేవడానికి ముందు

తిరుపతిలో ఉండేవాళ్లు క్యాలెండర్ చూసుకుని తెచ్చుకోవాలి. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర, వీధుల నిండా వేషాలూ డప్పులూ. చిత్తూరు గంగ జాతర కూడా ఆ నెలలోనే. దానికి తోడు 40 డిగ్రీలు దాటే ఎండ. వినాయక చవితికి సందుకో మైకు, దీపావళికి టపాసులు, ఆ వెనకే నవంబరు వానలూ ఉరుములూ. ఇవన్నీ తీసేస్తే మిగిలేది సంక్రాంతి, పశువుల పండగ సందడి సద్దుమణిగాక, అంటే జనవరి చివర నుంచి మార్చి దాకా. ఆ రెండు నెలల్లో తెస్తే జాతరకి కొంత గట్టిపడుతుంది.

ఇంకో చిక్కు, ఈ ఊరికే ఉన్నది. తిరుపతిలో ఇల్లుంటే చుట్టాలకి కొదవుండదు. తెల్లవారుజామున 3 గంటలకి రైలు దిగి బ్యాగులతో తలుపు తట్టేవాళ్లు, దర్శనం చేసుకుని అర్ధరాత్రి తిరిగొచ్చేవాళ్లు. కనీసం 3 వారాలు 'ఈసారికి శ్రీనివాసంలోనో విష్ణునివాసంలోనో గది తీసుకోండి' అని మొహమాటం లేకుండా చెప్పగలగాలి. చెప్పలేమనుకుంటే బెదురు కుక్క వద్దు, షెల్టర్‌లో తోక ఊపుకుంటూ ఎదురొచ్చేవి కూడా ఉంటాయి, వాటిలో ఒకదాన్ని తెచ్చుకోండి. ఇంట్లో 5 ఏళ్ల లోపు పిల్లలున్నా మా సలహా అదే. అద్దె ఇల్లయితే ఓనరుని ముందే అడగండి. తెచ్చాక కుదరక వెనక్కి పంపిన కుక్క మునుపటికంటే బెదురుగా తయారవుతుంది.

షెల్టర్‌లో ఏం చూడాలి

ఒక్కసారి చూసి సంతకం పెట్టకండి. వేర్వేరు వేళల్లో 3 సార్లు వెళ్లండి, అందులో ఒకటి మేత పెట్టే వేళ అయ్యుండాలి.

చాలామంది పొరబడేది 'పాపం, ఎంత శాంతంగా ఉందో, ఎత్తుకున్నా ఏమీ అనలేదు' అన్న దగ్గర. అది శాంతం కాకపోవచ్చు, కొయ్యబారిపోవడం కావచ్చు. దగ్గరగా చూస్తే తెలిసిపోతుంది. తల కదపకుండా కళ్లు మాత్రమే తిప్పుతుంది, కంటి పక్కన తెల్లగుడ్డు నెలవంకలా బయటపడుతుంది. నోరు బిగించి ఉంటుంది, తిండేమీ లేకపోయినా నాలుకతో ముక్కు నాక్కుంటుంది. చెవులు వెనక్కి అంటుకుని, తోక కడుపు కిందకి పోయి, బరువంతా వెనక కాళ్ల మీద పడుతుంది. నిద్ర రాకుండానే ఆవులిస్తుంది. ఇలాంటి కుక్కని ఎత్తుకుంటే ఊరుకున్నది ఇష్టపడి కాదు, పారిపోయే దారి లేక.

ఎంత బెదురుతుందన్న దానికంటే, బెదిరాక ఎంతసేపటికి తేరుకుంటుందన్నదే ముఖ్యం. దానికి చిన్న పరీక్ష ఉంది. గదిలో 2 మీటర్ల దూరంలో దానికి పక్కకి తిరిగి నేల మీద కూర్చోండి. ఉప్పు లేకుండా ఉడికించిన చికెన్‌ని చిటికెన వేలి గోరంత ముక్కలు చేసి దాని ముందు వెయ్యండి. తినడం మొదలుపెట్టాక తాళంచెవుల గుత్తి మీ పక్కనే జారవిడవండి. ఉలిక్కిపడటం మామూలే. 1, 2 నిమిషాల్లో మళ్లీ ముక్క అందుకుంటే ఆ కుక్కతో పని సాగుతుంది. 20 నిమిషాలైనా ముక్క వాసన చూడకపోతే దానికి అనుభవమున్న ఇల్లు, నెలల తరబడి సమయం కావాలి. మొదటిసారి కుక్కని తెచ్చుకునేవాళ్లు అలాంటిదాన్ని తేకపోవడమే దానికీ మేలు.

అక్కడ రోజూ మేత పెట్టే మనిషిని అడగండి. ఆఫీసు కుర్చీలో కూర్చున్నవాళ్లకి తెలియనివి వాళ్లకి తెలుస్తాయి. ఎవరి చేతిలో తింటుంది, మగవాళ్లంటే ఎక్కువ భయమా, చీపురు ఎత్తితే నక్కుతుందా, ఎప్పుడైనా కరిచిందా, మిగతా కుక్కలతో ఎలా ఉంటుంది. చెవి కొస కొద్దిగా కత్తిరించి ఉంటే సంతాన నియంత్రణ ఆపరేషన్ అయిందని గుర్తు. టీకా కార్డులో డిస్టెంపర్, పార్వో అనే వైరస్ జబ్బులకి కలిపి వేసే టీకా, రేబిస్ టీకా వేసిన తేదీలు, నులిపురుగుల మందు వేసిన తేదీ ఉన్నాయో లేదో చూసుకోండి.

జంటగా ఉన్నాయి కదా అని ఒకే ఈత బెదురు కుక్కల్ని రెండింటినీ తేకండి. ఒకదాని భయం ఇంకోదానికి అంటుకుంటుంది, రెండూ మనుషుల్ని వదిలేసి ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి.

జారిపోకుండా

కొత్త ఇంటి నుంచి కుక్క తప్పిపోతే ఎక్కువగా మొదటి రోజుల్లోనే పోతుంది. అందుకే దీనికి ఎక్కువ చోటిస్తున్నాం.

మన నాటు కుక్కల తల సన్నగా, మెడకంటే మరీ పెద్దగా కాకుండా ఉంటుంది. బెదిరి వెనక్కి గుంజుకుంటే మామూలు మెడ బెల్టు చెవుల మీదుగా ఊడొస్తుంది. ఛాతీ చుట్టూ ఒకే పట్టీ ఉన్న హార్నెస్ కూడా వెనక్కి నడిస్తే ముందు కాళ్లలోంచి జారిపోతుంది. ఛాతీ దగ్గర ఒకటి, పక్కటెముకలు దాటాక నడుము సన్నబడే చోట ఇంకోటి, ఇలా రెండు పట్టీలున్న హార్నెస్ తీసుకోండి. మెడ బెల్టు కింద రెండు వేళ్లు దూరాలి, మూడో వేలు దూరకూడదు. తాళ్లు రెండు, ఒకటి బెల్టుకి, ఒకటి హార్నెస్‌కి. రెండూ మీ చేతిలోనే. ఒకటి ఊడినా ఇంకోటి మిగులుతుంది. చక్రంలా చుట్టుకునే రకం తాడు వద్దు. అది చేజారితే ప్లాస్టిక్ పిడి కుక్క వెంట గలగలమంటూ వస్తుంది, ఆ చప్పుడుకి అది ఇంకా పరిగెడుతుంది. మొదటి రోజే బెల్టుకి మీ ఫోన్ నంబరు చెక్కిన బిళ్ల తగిలించండి.

వెనక్కి గుంజుకున్నప్పుడు మన చెయ్యి తనంతట తనే ముందుకి లాగుతుంది. లాగకండి. తాడు బిగువు తగ్గేలా ఒక అడుగు కుక్క వైపు వేసి, పక్కకి తిరిగి నిలబడండి. బిగువు పోగానే చాలా కుక్కలు గుంజడం ఆపేస్తాయి.

ఇంట్లో గ్రిల్లు సందులు కొలవండి. తల పట్టే సందులోంచి సన్న కుక్క ఒళ్లు కూడా పట్టొచ్చు. వెదురు తడకైనా, ఇనుప జాలీ అయినా కట్టండి. 4 అడుగుల గోడ కుర్ర కుక్కకి లెక్కలోది కాదు. గేటు వేసి ఉంటేనే ఇంటి తలుపు తెరవాలి, ఇంటి తలుపు వేసి ఉంటేనే గేటు తెరవాలి. పాలవాడికీ, గ్యాస్ బండ తెచ్చేవాళ్లకీ, పనిమనిషికీ ఇది చెప్పి, గేటుకి ఒక కాగితం కూడా కట్టండి. మిద్దె మీద వదలడం వద్దు. పిట్టగోడ ఎత్తు చాలదు, బెదిరితే దూకేస్తుంది.

అలిపిరి, ఎస్వీ యూనివర్సిటీ, జూపార్క్ రోడ్డు వైపు ఉండేవాళ్లకి ఇంకో మాట. శేషాచలం అంచుల్లో చిరుతలు తిరుగుతాయి, కుక్క వాటికి సులువైన తిండి. రాత్రి వసారాలోనో పెరట్లోనో కట్టేయకండి, లోపలే పడుకోనివ్వండి.

తెచ్చే రోజు

ఆటోలో వద్దు, రెండు పక్కలా తెరిచి ఉంటుంది. కారు, అందులో క్రేట్, అంటే కుక్కని ఉంచి తలుపు వేసే బోను. 10 కిలోల కుక్కకి 30 అంగుళాల క్రేట్ సరిపోతుంది. బయలుదేరే ముందు 4, 5 గంటలు మేత వద్దు, వాంతి చేసుకుంటుంది. నీళ్లు ఇవ్వొచ్చు. క్రేట్ మీద దుప్పటి కప్పండి, గాలికి ఒక వైపు వదలండి. చిత్తూరు నుంచి తిరుపతికి సుమారు 70 కిలోమీటర్లు, దారిలో టీకి ఆగినా కుక్కున్న వైపు తలుపు తియ్యొద్దు. షెల్టర్‌లో అది పడుకున్న గోనెపట్టా ముక్క అడిగి తెచ్చుకోండి. ఉతక్కండి, కొత్త ఇంట్లో దానికి తెలిసిన వాసన అదొక్కటే.

మొదటి 3 రోజులు

ఎవరూ దాటి వెళ్లక్కర్లేని మూల ఒకటి చూడండి. వంటింటి పక్కన వద్దు, మిక్సీ, కుక్కర్ కూతలు ఉంటాయి. కూలర్ ఎదురుగానూ వద్దు. టేబుల్ మీంచి పాత దుప్పటి మూడు వైపులా వేలాడదీసి, కింద గోనెపట్టా పరిస్తే గుహలా అవుతుంది. అందులో ఉన్నప్పుడు దాన్ని ఎవరూ తాకకూడదు, తొంగి చూడకూడదు, బయటికి లాగకూడదు. ఇంట్లో పిల్లలుంటే నేల మీద సుద్దముక్కతో గీత గీసి చూపించండి, మాటలకంటే గీత బాగా పనిచేస్తుంది.

ఈ 3 రోజులూ స్నానం, షికారు, చూసిపోయేవాళ్లు, ఏవీ వద్దు. ఒంటి వాసన భరించండి.

మొదటి రోజు తినకపోవడం మామూలే. గిన్నె పెట్టి గదిలోంచి వెళ్లిపోండి, రాత్రి దీపాలార్పాక తింటుంది. 48 గంటలైనా ఏమీ ముట్టకపోతే డాక్టరుకి చెప్పండి. 4 నెలల లోపు పిల్లయితే ఒక పూట కంటే ఆగొద్దు. వాంతులతో పాటు నీచు వాసనొచ్చే నెత్తుటి విరేచనాలు అయితే పార్వో కావచ్చు, గంటలు లెక్కపెట్టుకుంటూ కూర్చోకుండా వెంటనే తీసుకెళ్లండి. చిగుళ్లు పాలిపోయి, జ్వరంతో మందంగా ఉంటే, ముక్కులోంచి రక్తం కారితే పిడుదుల వల్ల వచ్చే జబ్బు అయ్యుండొచ్చు. చెవుల లోపల, కాలివేళ్ల మధ్య పిడుదులు ఉన్నాయేమో అది నిద్రపోతున్నప్పుడు దూరం నుంచే గమనించండి, వెంటనే పట్టుకుని పీకాలని చూడకండి.

మీరు వచ్చినప్పుడు, లేచినప్పుడు ఒంటేలు పోసుకుంటే అది భయం వల్ల. అరవకండి, మీద వంగకండి. అటు తిరిగి వెళ్లిపోయి, తర్వాత తుడవండి.

దగ్గరికి రప్పించడం కాదు, దూరంగా విసరడం

చేతిలో చికెన్ ముక్క పట్టుకుని 'దా, దా' అని పిలవడం అందరూ చేసే పని. ఆకలికి ముక్క కోసం మెడ సాగదీస్తుంది, కాళ్లు మాత్రం వెనకే ఉంటాయి. ముక్క నోట్లో పడ్డాక మనిషికి ఎంత దగ్గరగా వచ్చేసిందో అప్పుడు చూసుకుంటుంది. ఆ క్షణంలో కంగారుపడి పళ్లు తగిలిస్తుంది, లేదా ఎగిరి పారిపోయి ఇక రెండ్రోజులు బయటికి రాదు. తిండి ఆశ చూపి భయం మీదకి నెట్టినట్టవుతుంది.

దీన్ని తిరగెయ్యండి. రోజుకి 3 సార్లు, ఒక్కో సారి 5 నిమిషాలు. దానికి 2, 3 మీటర్ల దూరంలో పక్కకి తిరిగి కూర్చోండి, పేపరు చదువుకోండి, కళ్లలోకి చూడకండి. ఒక ముక్క మీకూ దానికీ మధ్యలో వెయ్యండి. అది ముందుకొచ్చి తినగానే ఇంకో ముక్క దాని వెనక్కి, దూరంగా విసరండి. ముందుకి రావడం దాని ఇష్టం, వెనక్కి వెళ్తే బహుమతి. వెళ్లే దారి ఎప్పుడూ తెరిచే ఉందని అర్థమయ్యాక అదే రోజురోజుకీ ఇంకాస్త ముందుకొస్తుంది. కొన్నిటికి 4 రోజులు, కొన్నిటికి 4 వారాలు. 100 గ్రాముల చికెన్‌లో 50 ముక్కలు వస్తాయి, ఆ మేరకు రోజు మేత తగ్గించండి.

అది వచ్చి మీ మోకాలు వాసన చూసినా చెయ్యి ఎత్తొద్దు. కొన్ని రోజులు అలా వచ్చి పోతూ ఉన్నాక, తల పైనుంచి కాకుండా గడ్డం కిందో ఛాతీ మీదో 3 సెకన్లు గోకి చెయ్యి వెనక్కి తీసేయండి. ఇంకా కావాలని ఆనుకుంటే ఇంకో 3 సెకన్లు. మొహం తిప్పుకుంటే, ఒళ్లు విదిలించుకుంటే ఇవాళ్టికి చాలు.

గుర్రుమంటే కొట్టొద్దు, గద్దించొద్దు. గుర్రుమనడం కుక్క ఇచ్చే హెచ్చరిక. దాన్ని దెబ్బలతో మాన్పిస్తే భయం పోదు, హెచ్చరిక పోతుంది, ఈసారి నేరుగా కరుస్తుంది. పన్ను గీసుకున్నా సరే, గాయాన్ని సబ్బుతో పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. కుక్కకి టీకా ఉందన్న ధీమాతో ఆగొద్దు. ప్రభుత్వాసుపత్రుల్లో రేబిస్ సూదులు ఉచితం. చర్మంలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు, రెండు వేయించుకుని మానెయ్యకూడదు.

మేత

10 కిలోల ఎదిగే కుక్కకి రోజుకి 180 నుంచి 200 గ్రాముల పొడి మేత, రెండు పూటలుగా. మొదటి వారం షెల్టర్‌లో పెట్టినదే పెట్టి, తర్వాత 7 రోజుల్లో కొద్దికొద్దిగా మార్చండి. పెరుగన్నం ఒక్కటే పెడితే కడుపు నిండుతుంది గానీ కండ పట్టదు. ఇంట్లోకి గుడ్డు కూడా రానివ్వని ఆచారం ఉంటే సంపూర్ణ పోషకాలున్న ప్యాకెట్ మేత పెట్టండి, చికెన్‌కి బదులు పనీరు ముక్కలు వాడొచ్చు. ఉల్లి, వెల్లుల్లి పడ్డ సాంబారన్నం, వండిన ఎముకలు, చాక్లెట్ వద్దు.

శ్రీవారి లడ్డూ సంగతి వేరుగా చెప్పాలి. అందులో ఎండుద్రాక్ష ఉంటుంది. ద్రాక్ష, ఎండుద్రాక్ష కుక్క మూత్రపిండాలని దెబ్బతీస్తాయి, ఏ కుక్కకి ఎంత తింటే ముప్పో ముందుగా చెప్పలేం. ప్రసాదం కదా అని చిటికెడు నోట్లో పెట్టే పెద్దవాళ్లు ప్రతి ఇంట్లో ఉంటారు, ముందే చెప్పి పెట్టండి. తిన్నదని తెలిస్తే వాంతి అయ్యేదాకా చూడకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

గుమ్మం దాటడం

ఇంట్లో మీ వెనక తిరగడం మొదలుపెట్టాకే వీధిలోకి. మొదట గేటు లోపలే 2 నిమిషాలు, తర్వాత గేటు బయట 10 అడుగులు. తెల్లవారుజామునో, రాత్రి 10 దాటాకో, యాత్రికుల బళ్లు తిరగని సందు చూసుకోండి. ఎండాకాలం మీ అరచెయ్యి వెనక వైపు రోడ్డు మీద 5 సెకన్లు ఆనించి చూడండి, మీకు చుర్రుమంటే దాని పాదాలకి కూడా కాలుతుంది.

జేబులో చికెన్ ముక్కలే మీ కొలబద్ద. బస్సుని చూస్తూ కూడా ముక్క తింటే ఆ దూరం దానికి ఫరవాలేదు. ఇంట్లో ఇష్టంగా తినే ముక్కని బయట ముట్టకపోతే మీరు చాలా దగ్గరికి వచ్చేశారు, వెనక్కి తిరగండి. సందు కుక్కలు మీదకొస్తే ఒక గుప్పెడు మేత వాటి వైపు చల్లి మీరు పక్క దారి పట్టండి. మడత గొడుగు టప్పున తెరిచినా ఆగుతాయి, కానీ మీ కుక్కకి గొడుగు ముందే ఇంట్లో అలవాటు చెయ్యాలి, లేకపోతే మొదట పారిపోయేది అదే.

డప్పులకీ టపాసులకీ ఇంట్లోనే తయారు చెయ్యొచ్చు. ఫోన్‌లో ఆ చప్పుడు పెట్టండి, మీకే సరిగా వినబడనంత చిన్నగా. ముందు చప్పుడు, ఆ వెంటనే చికెన్. ఈ వరస తప్పకూడదు. ముందు చికెన్ చూపించి తర్వాత చప్పుడు పెడితే, కొన్నాళ్లకి చికెన్ చూస్తేనే బెదురుతుంది. రోజుకి 3 నిమిషాలు, వారానికి ఒక మెట్టు చొప్పున శబ్దం పెంచండి.

డాక్టరు దగ్గరికి

ఒంట్లో బాగుంటే మూడో వారంలో చూపించండి. తిరుపతి వెటర్నరీ కాలేజీ 1955 నాటిది, ఇప్పుడు శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో భాగం. ఏ ఆసుపత్రికి వెళ్లినా కుక్కని కారులోనే ఉంచి, ఒకరు తోడుండి ఏసీ నడుపుతూ, మీ వంతు వచ్చాకే దింపండి. బెదురు మరీ ఎక్కువైతే గబాపెంటిన్, ట్రాజొడోన్ లాంటి మందులు డాక్టర్లు రాస్తారు, మోతాదు వాళ్లే చెప్పాలి. ఏస్‌ప్రోమజిన్ ఒక్కటే ఇస్తే మాత్రం ఒళ్లు కదలదు గానీ లోపల భయం అలాగే ఉంటుంది, దీపావళికి అది రాస్తే వేరేది ఏమైనా ఉందా అని అడగండి. మనుషుల పారాసిటమాల్, ఇబుప్రోఫెన్ సొంతంగా వెయ్యకండి.

6 నుంచి 14 నెలల మధ్య వయసులో, బాగుపడుతున్న కుక్క ఉన్నట్టుండి పాత వస్తువుకే బెదరొచ్చు. టపాసుల రాత్రి తర్వాత కూడా అంతే. రెండు మెట్లు వెనక్కి వెళ్లి, మళ్లీ విసరడం దగ్గర్నుంచి మొదలుపెట్టండి. 2 నెలలైనా ఏ మార్పూ లేకపోతే, లేదా రక్తం వచ్చేలా కరిస్తే డాక్టరుతో, షెల్టర్‌తో మాట్లాడండి. కుదరకపోతే షెల్టర్‌కే తిరిగి అప్పగించండి, వీధిలో వదిలేస్తే అక్కడి కుక్కలు దాన్ని బతకనివ్వవు.

మూడో నెల దాటాక కూడా ఒక సంగతి గుర్తుంచుకోండి. ఇంటాయన కొండకెళ్లి గుండుతో, గంధం వాసనతో తిరిగొస్తే కుక్క ఆయన్ని పోల్చుకోలేక మొరగొచ్చు, మళ్లీ టేబుల్ కింద దూరొచ్చు. గేటు బయటే నిలబడి రోజూ పిలిచే గొంతుతో పిలిచి, అది తోక దించి ఊపాకే లోపలికి రమ్మనండి.